కాటుకరేకుల పొడ - డాక్టర్ ప్యాట్రిక్ రస్సెల్

కడప జిల్లావాసులకు బ్రౌను దొర పేరు చెప్పనక్కరలేదు. తెలుగు మాటలు ఏరి నిఘంటువు కూర్చిన మహనీయుడాయన. అయితే బ్రౌను పుట్టకముందే ఇంకొక దొర మన తెలుగువాళ్లు పాములకు పెట్టుకున్న పేర్లు ఏరి పుస్తకానికెక్కించినాడని మనలో ఎంతమందికి తెలుసు? ఆయనే డాక్టర్ ప్యాట్రిక్ రస్సెల్. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టినారు. రస్సెల్స్ వైపర్ అని జంతుశాస్త్రం విద్యార్థులం పరీక్ష కోసం బట్టీ పడతాం గానీ, ఆ రస్సెల్ ఎవరని అడగం.

రస్సెల్ స్కాట్లండు దేశస్థుడు. ఎడింబరోలో వైద్యం చదివి, 1750లో సిరియాలోని అలెప్పో నగరానికి పోయినాడు. అన్న అలెగ్జాండర్ అక్కడి ఇంగ్లీషు వర్తకులకు వైద్యుడు. అన్న స్వదేశానికి మరలగా ఆ బాధ్యత తమ్ముడి మీద పడింది. 1760 మొదలు 1762 దాకా ఆ నగరంలో ప్లేగు చెలరేగింది. రస్సెల్ ఊరు విడిచిపోలేదు. జబ్బు ఎట్ల వస్తుంది, ఎట్ల పాకుతుంది అని చూసి రాసి పెట్టుకున్నాడు. ఆ రాతలే 1791లో పెద్ద గ్రంథంగా అచ్చయినాయి.

యాభై దాటిన వయసులో, 1781లో, కంపెనీ కొలువులో ఉన్న సోదరుడు క్లాడ్ వెంట విశాఖపట్నం చేరినాడు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ మరణించగా ఆ పదవి రస్సెల్‌కు దక్కింది. చెట్లు, చేపలు అన్నీ చూసినాడు గానీ ఆయన మనసు లగ్నమైంది పాముల మీద. ఏది విషప్పామో ఏది కాదో మామూలు మనిషి గుర్తుపట్టే మార్గం చూపాలన్నది ఆయన పట్టుదల. తీరప్రాంతపు పాములు తెప్పించి, కోరలు పరిశీలించి, పొలుసులు లెక్కపెట్టి, బొమ్మలు వేయించినాడు. ఊరివాళ్లు ఏమని పిలుస్తారో అదే పేరు రాసుకున్నాడు. రక్తపింజరిని కాటుకరేకుల పొడ అని రాసింది ఆయనే. పసుపు పట్టెల కట్లపామును బంగారు పాము అన్నారు. ఆ బంగారమే తర్వాత కట్లపాముల జాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామమైంది. మన అవ్వతాతల మాట ప్రపంచ శాస్త్రగ్రంథాల్లో నిలిచిందంటే గర్వం కాదా!

ఆ రోజుల్లో పాముకాటుకు తంజావూరు మాత్ర పేరుమోసిన మందు. అందులో ముఖ్యమైనది పాషాణం. రస్సెల్ దాన్ని ఊరికే నమ్మలేదు, ఊరికే తోసిపుచ్చలేదు. కోళ్ల మీద, కుక్కల మీద విషాన్నీ మందునూ పరీక్షించి చూసినాడు. శాస్త్రజ్ఞుని లక్షణం ఇదే. 1789లో స్వదేశం మరలినాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల గ్రంథం మొదటి సంపుటం వెలువడింది. 1805లో, ఎనభైకి దగ్గరపడి, లండనులో కన్నుమూసినాడు. పెండ్లి చేసుకోలేదు. రెండో సంపుటం ఆయన పోయినాక 1809లో గానీ పూర్తి కాలేదు.

ఆయన వెదికిన విరుగుడు మరో తొంభై ఏండ్లకు, 1895 ప్రాంతంలో, కాల్మెట్ అనే ఫ్రెంచి వైద్యుని చేతిలో సాధ్యమైంది. ఇప్పుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే విరుగుడు సూది ఉంది. మందు వచ్చింది. మరి మనం మారినామా?

నాలుగేండ్ల కిందట రాత్రి కరెంటుకు మోటారు వేయబోయిన మా వరస మామను రక్తపింజరి కరిచింది. మేమంతా చుట్టూ చేరినాం. తాడు తెచ్చి తొడకు బిగించి కట్టినాం. మంత్రం వేయిస్తే దిగుతుందని ఇంకో ఊరికి తీసుకపోయినాం. ఆసుపత్రి చేరేసరికి తెల్లవారింది. ప్రాణం దక్కింది గానీ కాలు మునుపటిది కాదు. ఈ పొద్దుకూ కుంటుతూనే చేనికి పోతాడు. ఆ తాడు ఒక కొస పట్టుకున్నవాణ్ణి నేనే. కట్టు బిగించగూడదు, కోయగూడదు, నోటితో పీల్చగూడదు. ఎముక విరిగినప్పటి మాదిరి కాలు కదలకుండా బద్ద కట్టి, ధైర్యం చెప్పి, పామును వెదుకుతూ పొద్దు పోగొట్టక నేరుగా ఆసుపత్రికి చేర్చాలని అప్పటికి మాలో ఒక్కరికీ తెలియదు.

మిత్రులారా! బస్సు కండక్టరు లైసెన్సు కావాలంటే ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు చూపాలి. కొండలెక్కేవాళ్లకు డార్జిలింగులో 1954 నుంచీ శిక్షణాలయం ఉంది. అర్ధరాత్రి చెప్పులు కూడా లేకుండా నల్లరేగడి చేలల్లో తిరిగే రైతుకు ఏ శిక్షణ ఉంది? సెయింట్ జాన్ అంబులెన్సు, రెడ్‌క్రాస్ సంస్థలు ఈ విద్య నేర్పి సర్టిఫికెట్టు ఇస్తాయి. మన విద్యార్థి సంఘం పూనుకొని వాళ్లను కళాశాలకు పిలిపించాలి. ఊరికొకరు నేర్చినా చాలు. రెండు శతాబ్దాల నాడు పరాయి దేశస్థుడు మన చేలగట్ల పాముల కోసం అంత శ్రమపడినాడే, ఆ చేలల్లో పుట్టిన మనం నాలుగు రోజులు కూర్చుని నేర్చుకోలేమా?