కణములకు రంగు వేసిన పాల్ ఎర్లిక్

ఉబ్బసముతో ఆయాసపడు బాలుడో బాలికయో లేని పాఠశాల యరుదు. ఆ వ్యాధియందు ఊపిరితిత్తులలో కల్లోలము రేపు కణములలో రెండింటిని స్పష్టముగ వేఱుపఱచి పేరిడినవాడు ఒక్కడే. ఆ మహనీయుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగ నివేదింప దలచితిమి.

పాల్ ఎర్లిక్ 1854 సం॥ మార్చి 14వ తేదీని సైలీషియా సీమలోని స్ట్రేలెన్ అను చిన్న పట్టణమున యూదుల కుటుంబమున జన్మించెను. ఆ సీమ అప్పుడు ప్రష్యా రాజ్యములోనిది. ఆయన బంధువగు కార్ల్ వైగర్ట్ అను వైద్యుడు శరీరభాగముల పలుచని పొరలకు రంగులద్ది సూక్ష్మదర్శినితో పరీక్షించుటలో ప్రవీణుడు. ఆ విద్య ఎర్లిక్కును విడువక పట్టుకొనెను. రాబర్ట్ కాక్ పండితుడు బ్రెస్లా నగరమునకు వచ్చినపుడు, ఈ కుఱ్ఱవాడు రంగులు వేయుటలో గట్టివాడే గాని పరీక్షలలో నెగ్గడని ఎవరో చెప్పిరట! ఆయన నెగ్గెను.

1878లో లైప్సిగ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన వ్యాసమున, అనిలిన్ రంగులను పీల్చుకొను గుళికలతో నిండిన కణములను ఆయన వర్ణించెను. ఆ గుళికలు ఆహారపు నిలువలని యెంచి, పుష్టిగా మేపుట యను అర్థముగల జర్మను మాటతో వానికి మాస్ట్ కణములని పేరిడెను. ఊహ తప్పినది, పేరు నిలిచినది. మఱుసటి యేడు రక్తములోని కొన్ని తెల్లకణములు ఇయోసిన్ అను ఎఱ్ఱరంగును ఆత్రముగ గ్రహించుట కనిపెట్టి, వానిని ఇయోసినోఫిలులనెను.

ఈ కణముల పని యేమో నాడెవరికిని తెలియదు. నేడు తెలిసినంతవఱకు చెప్పెదము. పుప్పొడియో ఇంటిదుమ్మో ఊపిరితో లోనికి పోగా, కొందఱి దేహము దానిని శత్రువని భ్రమించి ఐజీఈ అను ప్రతిరక్షకమును పుట్టించును. (దీనిని 1966లో ఇషిజాక దంపతులు కనుగొనిరి.) అది మాస్ట్ కణములపై అంటుకొని కాచుకొని యుండును. మరల అదే ధూళి తగిలినంతనే ఆ కణములు తమ గుళికలను వెలిగ్రక్కును. వానిలోని హిస్టమిన్ మున్నగు ద్రవ్యములవలన నిమిషములలో శ్వాసనాళములు బిగిసి, వాచి, జిగట నిండును, పిల్లికూతలు వినబడును. కొన్ని గంటలకు రెండవ దండు వచ్చును. టీ సహాయక కణములు మున్నగునవి ఇంటర్ల్యూకిన్-5 అను సంకేతము నంపగా, మూలుగలో పుట్టిన ఇయోసినోఫిలులు రక్తమార్గమున ఊపిరితిత్తులు చేరి, కడుపులోని పురుగుల వంటివానిని చంపుటకు ఉంచుకొన్న విషమును సొంత యింటి గోడలమీదనే చల్లును. ఉబ్బసము మాటిమాటికి తిరుగబెట్టుటకు ఈ వాపు ముఖ్యకారణము.

ఎర్లిక్ తానును ఊపిరితిత్తుల వ్యాధి ననుభవించినవాడే. 1882లో కాక్ క్షయక్రిమిని ప్రకటింపగా, దానికి రంగు వేయు మేలైన పద్ధతిని ఎర్లిక్ కనిపెట్టెను. 1888లో తన కఫమునందే ఆ క్రిమి కానవచ్చెను! ఈజిప్టు దేశమునకేగి, ఆరోగ్యవంతుడై మరలివచ్చెను.

అటుపిమ్మట ఆయన విషములకును కణములకును గల సంబంధమును విచారించెను. తాళమునకు తాళపుచెవి వలె, కణముపైనుండు గ్రాహకమునకు సరిపడునదియే దానికంటునని 1897లో సిద్ధాంతీకరించెను. మాస్ట్ కణముపై ఐజీఈ నిలుచుట ఇట్టి గ్రాహకమువలననే. 1908లో మెచ్నికాఫ్‌తో కలసి నోబెల్ బహుమానమందెను. జపాను దేశీయుడగు హాటాతో కలసి కనుగొన్న 606వ మందు సవాయిరోగమునకు 1910లో విపణికి వచ్చెను. రోగమూలమునే తాకి, ఇతరమును ముట్టని మందు కావలెనన్నది ఆయన జీవితకాంక్ష.

1915 ఆగస్టు 20న, ఐరోపా యుద్ధము సాగుచుండగా, ఆయన మరణించెను. సరిగా నూఱేండ్లకు, 2015లో, ఇంటర్ల్యూకిన్-5ను మాత్రమే పట్టి బంధించి ఇయోసినోఫిలులను తగ్గించు మెపోలిజుమాబ్ అను సూదిమందు తీవ్రమైన ఉబ్బసమునకు అమెరికాలో అనుమతింపబడెను.