తాపీ పట్టిన చేయి – డొమినికస్ జిమ్మర్‌మన్

మా హాస్టల్లో చాలామంది తండ్రులు తాపీ పనివారు, కూలీలు. సెలవుల్లో మేమూ ఇసుక జల్లించాం, తట్టలు మోశాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాయాలనుకున్నప్పుడు రాజునో, సేనాధిపతినో కాకుండా ఒక గారపనివాడిని ఎంచుకున్నాం. ఆయన పేరు డొమినికస్ జిమ్మర్‌మన్.

ఆయన 1685 జూన్ 30న జర్మనీలోని బవేరియాలో, వెస్సోబ్రున్ దగ్గరి పల్లెలో పుట్టారు. ఆ ఊళ్ళు గారపనికి పెట్టింది పేరు. అక్కడి పనివారు దూరదేశాలకు వెళ్ళి చర్చిలకు, భవనాలకు సున్నం, జిప్సం, ఇసుక కలిపిన గారతో పూలు, తీగలు, దేవదూతల బొమ్మలు దిద్దేవారు. డొమినికస్, ఆయన అన్న యోహాన్ బాప్టిస్ట్ ఆ పనిలోనే పెరిగారు. అన్న చిత్రకారుడు కూడా అయ్యారు. తమ్ముడు గారపని నుంచి కట్టడాల రూపకల్పనకు ఎదిగారు.

1716లో ఆయన లాండ్స్‌బెర్గ్ పట్టణంలో స్థిరపడ్డారు. అక్కడి పురపాలక భవనం ముందుభాగానికి గార అలంకారం చేశారు. తర్వాత అదే పట్టణానికి మేయర్ కూడా అయ్యారు. చేతిపనివాడికి దక్కిన గౌరవం అది.

1728 నుంచి 1733 వరకు స్వాబియా ప్రాంతంలోని స్టెయిన్‌హౌజెన్‌లో కోడిగుడ్డు ఆకారపు చర్చి కట్టారు. అందం కుదిరింది గాని ఖర్చు అంచనాకు ఎన్నో రెట్లు పెరిగింది. కట్టించిన మఠాధిపతి పదవి కోల్పోయారు.

ఆయన పేరు నిలబెట్టింది వీస్ చర్చి. 1738లో ఒక రైతు ఇంట్లోని క్రీస్తు కొయ్య బొమ్మ కంట నీరు కనిపించిందని జనం నమ్మారు. యాత్రికులు తండోపతండాలుగా రాసాగారు. వారి కోసం 1745లో పని మొదలైంది. అప్పటికి జిమ్మర్‌మన్‌కు అరవై ఏళ్ళు. 1754లో పూర్తయింది. బయటినుంచి చూస్తే పచ్చికబయలులో సాదా కట్టడం. లోపల అడుగుపెడితే తెల్లని జంటస్తంభాలు, బంగారు పూత, చిత్రమైన ఆకారపు కిటికీల్లోంచి వెలుగు. రొకోకో అంటే ఇదే. పైకప్పు రాతిది కాదు. దూలాలకు వేలాడదీసిన చెక్కబద్దీల మీద గార పూశారు. అందుకే అంత తేలిక. దాని మీద అన్నగారే చిత్రం వేశారు. గోడ ఎక్కడ ముగిసి బొమ్మ ఎక్కడ మొదలైందో తెలియదు.

ఈ చర్చి కూడా మఠాన్ని అప్పుల్లో ముంచింది. ఆ సంగతి దాచిపెట్టడం మాకిష్టం లేదు. అందానికి ఎవరో ఒకరు ఖర్చు భరించవలసిందే. జిమ్మర్‌మన్ మాత్రం చర్చి పక్కనే ఇల్లు కట్టుకుని, 1766 నవంబరు 16న అక్కడే కన్నుమూశారు.

1803లో మఠాన్ని ప్రభుత్వం రద్దుచేసింది. చర్చిని పడగొట్టే ప్రమాదం వచ్చింది. చుట్టుపక్కల రైతులు అడ్డుపడి కాపాడుకున్నారు. 1983లో అది ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అంటే ఒక పనివాడు కట్టాడు, రైతులు నిలబెట్టారు.

ఆ చర్చికి ఇటుకలు మోసినవారి పేర్లు మాకు తెలియవు. మా నాన్నల పేర్లు కూడా వారు కట్టిన ఏ భవనం మీదా లేవు. మిత్రులారా, చదువుకుని మనం ఇంజనీర్లమైనా, ఆఫీసర్లమైనా, ఆ చేతుల్ని మరవకుండా ఉందాం.