బొమ్మకోసం అచ్చు నేర్చిన చిత్రకారుడు

చిత్రకారుడు గీచిన బొమ్మ పిల్లవాని చేతికి అందవలెనంటే, ముందుగా అది అచ్చుయంత్రం దాటి రావలె. ఆ దారిలోనే రూపు చెడితే గీచిన చేతి నేర్పు ఎవరికి తెలుస్తుంది? వంగదేశంలో ఈ బాధను స్వయంగా అనుభవించి, దానికి విరుగుడు వెదకటంలో జీవితాన్ని చాలావరకు వెచ్చించినవారు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి. సత్యజిత్ రాయ్‌కి తాతగానే మనం ఆయనను ఎక్కువగా ఎరుగుదుము.

ఆయన 1863లో మైమన్‌సింగ్ జిల్లా మసువా గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తలిదండ్రులు పెట్టిన పేరు కామదారంజన్. సుమారు ఐదేండ్ల వయస్సులో, బంధువైన జమీందారు హరికిశోర్ దత్తత చేసికొని, తన పేరుకు జోడుగా ఉపేంద్రకిశోర్ అని పేరు మార్చారు. పెంచిన తండ్రి సనాతనాచారపరుడు. కుమారుడో కలకత్తాకు చదువుకు వెళ్ళి బ్రహ్మసమాజంలో చేరారు. 1884లో పట్టభద్రులయ్యారు. ఫిడేలు వాయించటంలోను దిట్ట.

పిల్లలకోసం ఆయన రామాయణాన్ని వచనంలో రచించి, బొమ్మలుకూడా తామే గీచారు. ఆ రోజులలో చిత్రాన్ని కొయ్యదిమ్మపై చెక్కి అచ్చువేసేవారు. పుస్తకం వెలువడేసరికి ఆ బొమ్మలలోని నాజూకు అంతా పోయింది. మరొకరైతే చెక్కినవానిని నిందించి ఊరకుండేవారేమో! ఉపేంద్రకిశోర్ ఇంగ్లండు నుండి పరికరాలు తెప్పించి, 1895లో తామే బ్లాకులు తయారుచేసే సంస్థను నెలకొల్పారు.

హాఫ్‌టోన్ అనే ఆ విధానం అప్పటికి కొత్తది. వార్తాపత్రికలోని ఒక ఛాయాచిత్రాన్ని భూతద్దంతో పరిశీలించండి. బొమ్మంతా చుక్కలే. పెద్ద చుక్కలున్నచోట నీడ, చిన్నవి ఉన్నచోట వెలుతురు. సన్నని గీతలు గీచిన అద్దపు తెర గుండా ఛాయాచిత్రం తీస్తే చిత్రం ఇట్లా చుక్కలుగా విడిపోతుంది. తెరకు, ఫలకానికి నడుమ దూరం ఎంత ఉండవలె? కెమేరా రంధ్రం ఎట్లుండవలె? పనివారు ఊహతో సరిపెట్టుకొనే ఈ విషయాలను ఆయన గణితంతో తేల్చారు. ముద్రణకళకు ప్రామాణికమైన పెన్రోజ్ వార్షిక సంచికలో 1897 మొదలు ఆయన వ్యాసాలు వెలువడ్డాయి. చదువు అంతా ఇక్కడిదే. ఆయన వ్యాసాలను చదివినవారు విదేశాల ముద్రణనిపుణులు!

ఇంత శాస్త్రపరిశ్రమా పిల్లల బొమ్మలకోసమే. తూర్పు బెంగాలులో స్త్రీలు పిల్లలను నిద్రపోనీయక మేలుకొలిపి ఉంచటానికి చెప్పే కథలను కూర్చి, 1910లో టున్‌టుని పుస్తకాన్ని ప్రకటించారు. టున్‌టుని అంటే ఆకులు కుట్టి గూడు కట్టుకొనే చిన్నపిట్ట. ఆ పిట్ట రాజునే ముప్పుతిప్పలు పెడుతుంది. 1913లో సందేశ్ అనే బాలల మాసపత్రికను ఆరంభించారు. వంగభాషలో సందేశ్ అంటే కబురు, మిఠాయికూడా. అచ్చుపని అభ్యసించటానికి ఇంగ్లండు వెళ్ళిన కుమారుడు సుకుమార్ ఆ ఏటనే తిరిగివచ్చారు. మరుసటి ఏట గర్పార్ రోడ్డులో ఇల్లు, అచ్చుకూటము ఒకేచోట ఏర్పడ్డాయి. గాయకుడు గూపీ, వాద్యగాడు బాఘాల కథ 1915లో సందేశ్‌లోనే వెలువడింది. మధుమేహపీడితులైన ఉపేంద్రకిశోర్ ఆ ఏడాది డిసెంబరులో, 52 ఏండ్ల వయస్సులో కన్నుమూశారు.

సుకుమార్ 1923లో 35 ఏండ్లకే మరణించగా, కొన్నాళ్ళకే సంస్థ చేజారింది, ఇల్లూ పోయింది. 1921లో ఆ ఇంటనే పుట్టిన మనుమడు సత్యజిత్ 1961లో సందేశ్‌ను పునరుద్ధరించి, 1969లో గూపీ బాఘాల కథను చలనచిత్రంగా తీశారు. తాతను ఆయన చూడలేదు. కాని టర్పెంటైను వాసన తగిలితే చాలు, బ్లాకులు తయారయ్యే ఆ గది తనకు గుర్తుకువచ్చేదని తన బాల్యస్మృతులలో వ్రాసుకొన్నారు.