ప్రసంగపీఠము నుండి క్రీడారంగమునకు: ఆమోస్ అలోంజో స్టాగ్

దేవుని సేవకు తన్నుతాను సమర్పించుకొనినవాడు ప్రసంగపీఠము నెక్కలేకపోయిన యెడల ఆ సమర్పణ వ్యర్థమగునా? ఈ ప్రశ్నకు అమెరికా దేశీయుడైన ఆమోస్ అలోంజో స్టాగ్ జీవితము చక్కని సమాధానము.

ఆయన 1862 ఆగస్టు 16వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రములోని వెస్ట్ ఆరెంజ్‌లో, చెప్పులు కుట్టి జీవించు ఒక పేదవాని యింట జన్మించెను. బోధకుడు కావలెనను తలంపుతో యేల్ విశ్వవిద్యాలయములో చేరి, చలికాచుకొనుటకు నిప్పైనను లేని అటకగదిలో నివసించి విద్య నభ్యసించెను. బేస్‌బాల్ ఆటలో ఆయన నేర్పును చూచి వృత్తిజట్లవారు ధనమాశ చూపి పిలిచినను వెళ్లలేదు. అయితే వేదాంతవిద్య నభ్యసించుచున్న కాలమున, సభలో నిలిచి మాటలాడు వరము తనకు లేదని ఆయన గ్రహించెను. అంతట ఆయన తన సమర్పణను విడువక, పరిచర్యాస్థలమును మాత్రము మార్చుకొనెను.

1890లో ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఏ. శిక్షణశాలలో చేరెను. వేదాంతవిద్య ముగించుకొని వచ్చిన జేమ్స్ నైస్మిత్ 1891లో బాస్కెట్‌బాల్ ఆటను రూపొందించినది అక్కడనే. ఆ విద్యాలయములోనే తర్ఫీదు పొందిన హెచ్.సి. బక్ 1920లో మద్రాసు నగరమున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. ఆ విధముగా ఆ వెలుగు మన దక్షిణదేశమునకును ప్రసరించెను.

1892లో హెబ్రీ పండితుడైన విలియం రైనీ హార్పర్, తాను అధ్యక్షుడుగానున్న నూతన షికాగో విశ్వవిద్యాలయమునకు స్టాగ్‌ను ఆహ్వానించి, వ్యాయామశాఖను అప్పగించెను. ఆయన అక్కడ 40 సంవత్సరములు ఫుట్‌బాల్ శిక్షకుడుగా పనిచేసెను. ఈ ఫుట్‌బాల్ మన దేశములో ఆడునది కాదు. బంతిని చేతబట్టి, ఎదుటివారిని త్రోసికొనుచు ముందుకు సాగు మొరటైన ఆట.

నవంబరు మాసాంతమున వచ్చు కృతజ్ఞతార్పణ దినమున షికాగో, మిషిగన్ జట్లు తలపడుట ఆ కాలమున గొప్ప వేడుక. 1898లో మిషిగన్ 12–11 తేడాతో గెలువగా, లూయీ ఎల్బెల్ అను సంగీత విద్యార్థి ఆ విజయోత్సాహములో ఒక గీతమును కూర్చెను. మిషిగన్ వారు నేటికిని ఆటదినములలో దానిని పాడుచున్నారు.

1905లో అదే దినమున, 25 వేలకు మించిన ప్రేక్షకుల యెదుట, 56 ఆటలుగా ఓటమి నెరుగని మిషిగన్‌ను స్టాగ్ జట్టు 2–0 తేడాతో ఓడించెను. మిషిగన్ యువకుడొకడు బంతితో తన గోల్‌గీత వెనుక పట్టుబడుటవలన ఆ రెండు పాయింట్లు లభించెను. షికాగోలో సంబరములు మిన్నుముట్టెను. ఓటమి నింద మాత్రము ఆ యువకునిమీద పడెను. 1932లో అతడు తన ప్రాణమును తానే తీసికొనెను. ఆట విగ్రహమైనప్పుడు అది నరబలిని కోరునని చెప్పుటకు వేరు సాక్ష్యమేల?

ఆ 1905లోనే క్రీడారంగములో పలువురు యువకులు మరణించిరి. గెలుపుకొరకు విద్యాప్రమాణములను సడలించుచున్నారని పత్రికలు షికాగోను సైతము విమర్శించెను. గెలుపును గట్టిగా కోరిన స్టాగ్ ఈ నిందకు అతీతుడు కాడు. అయితే నియమావళి సంఘములో ఆయన దీర్ఘకాలము సభ్యుడుగానుండెను. బంతిని ముందుకు విసరుటకు 1906లో అనుమతి లభించగా, మూకుమ్మడి త్రోపులాట కొంత తగ్గెను. ఆయన స్వయముగా మద్యమును పొగాకును ముట్టక, శిష్యులకు మాదిరిగా జీవించెను.

70 ఏండ్లు నిండగానే షికాగో ఆయనకు విశ్రాంతి నిర్ణయించెను. ఆయన విశ్రమింపక, 1933లో కాలిఫోర్నియాలోని పసిఫిక్ కళాశాలకు వెళ్లి, 81వ యేట, 1943లో, ఆ సంవత్సరపు ఉత్తమ శిక్షకుడుగా ఎన్నికయ్యెను. షికాగో 1939లో తన ప్రధాన ఫుట్‌బాల్ జట్టునే రద్దుచేసెను. ఒకప్పుడు జయధ్వానములతో మారుమ్రోగిన, ఆయన పేరుగల క్రీడాంగణపు మెట్ల క్రింద 1942 డిసెంబరు 2న శాస్త్రజ్ఞులు మొదటి అణు శృంఖలచర్యను సాధించిరి.

1965 మార్చి 17న, 102 సంవత్సరముల వయస్సున, స్టాగ్ స్టాక్టన్ నగరములో కన్నుమూసెను. జయధ్వానములు అణగిపోవును, మైదానములు చేతులు మారును. ఒక యువకుని శీలమును దిద్దుటకు వెచ్చించిన దినమో, అది పరలోకపు లెక్కలో నిలుచును. ప్రసంగపీఠము దక్కలేదని దిగులుపడు సేవకుడు తన చేతికందిన పనిని పరిశీలించుకొనును గాక.