డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి గారి జీవితము

మన చిత్తూరు సీమ 1953 వఱకు మదరాసు రాష్ట్రములో నుండెను. కావున మదరాసు శాసనసభ చేసిన చట్టములే ఆనాడు మన పల్లెలకును చట్టములు. ఆ సభలో నిలిచి, నోరులేని బాలికల పక్షమున వాదించిన మహనీయురాలు డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి గారు. వారి చరిత్రము మన గ్రంథాలయ పాఠకులు తప్పక తెలిసికొనదగినది.

ఈమె 1886 జూలై 30 వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించిరి. తండ్రి నారాయణస్వామి అయ్యరుగారు అచటి మహారాజా కళాశాలకు ప్రధానాచార్యులు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కులమున పుట్టినవారు. ఈ సంబంధము కారణముగా బంధువులు అయ్యరుగారిని వెలివేసిరి. కావున ఆ కులమున ఆడుబిడ్డల బ్రతుకు ఎట్టిదో ముత్తులక్ష్మిగారు చిన్ననాడే ఎఱిగియుండిరి.

బాలుర కళాశాలలో ఆడపిల్లను చేర్చుకొనరాదని పలువు రాక్షేపింపగా, మహారాజావారి యనుజ్ఞతో అందు చేరి చదివిరి. 1907 లో మదరాసు వైద్య కళాశాలలో ప్రవేశించి 1912 లో పట్టము నొందిరి. తన్ను సమానురాలిగా గౌరవింపవలెనను నియమముపై 1914 లో డాక్టరు సుందరరెడ్డిగారిని వివాహమాడిరి. 1927 లో మదరాసు శాసనమండలికి ఉపాధ్యక్షురాలైరి. అంతకు ముందు ఏ స్త్రీయు ఆ పదవి నలంకరింపలేదు.

ఆ కాలమున ఊహ తెలియని ఆడపిల్లకు దేవుని పేర బొట్టుకట్టి ఆలయమున కంకితము చేయు నాచారముండెను. పిదప ఆ బిడ్డకు వివాహము లేదు. యుక్తవయస్సు రాగానే ధనికుల పాలగుచుండెను. మైనరు బాలికలను వ్యభిచారమునకు అమ్ముటయు కొనుటయు నేరములని 1860 నాటి శిక్షాస్మృతిలోని 372, 373 సెక్షనులు చెప్పుచునే యుండెను. కాని దైవకార్యమను ముసుగులో జరుగు పనికి ఆ సెక్షనులు చాలకపోయెను.

దీనికి మూలము భూమియని ముత్తులక్ష్మిగారు గ్రహించిరి. ఆలయ సేవకై యిచ్చిన ఈనాము పొలము చేజారకుండవలెనన్న, ప్రతి తరమునను ఒక బిడ్డను సేవకు విడువవలసి వచ్చుచుండెను. అందుచే వారు మొదట ఆ ముడిని విప్పిరి. 1929 లో వారి కృషిచే అమలులోనికి వచ్చిన చట్టము ఆ పొలములను సేవాబంధము లేకుండ ఆ స్త్రీలకే దక్కునట్లు చేసెను. అనగా బిడ్డ నర్పింపకయే కుటుంబము బ్రతుకవచ్చును.

ఎదిరించినవారు లేకపోలేదు. సంప్రదాయము చెడునని కొందరు పెద్ద లాక్షేపించిరి. తమ సంగీత నాట్య విద్యలకును గౌరవమునకును భంగము కలుగునని ఆ కులస్త్రీలును కొందరు ప్రభుత్వమునకు విజ్ఞప్తులు పంపిరి. వారి భయము పూర్తిగా నిరాధారమని చెప్పజాలము. ఆ మార్పులలో పలువురు కళావంతులైన స్త్రీలు జీవనాధారమును కోల్పోయిరి. అయినను, ఊహ తెలియని బిడ్డ జీవితమును పెద్దలు ముందే నిర్ణయించుట తగదను మాటపై ముత్తులక్ష్మిగారు నిలిచిరి.

1930 లో అంకితమునే నిషేధించు బిల్లును ప్రవేశపెట్టిరి. అంతలో గాంధీ మహాత్ముని నిర్బంధమునకు నిరసనగా సభ్యత్వమును వదలుకొనిరి. ఆ రోజులలోనే, ఎక్కడను చోటు దొరకని దేవదాసీ కుటుంబపు బాలికలు కొందరు వారి యింటి తలుపు తట్టిరి. వారిని చేరదీయుటయే అవ్వై హోము అను ఆశ్రమమునకు నాంది. చట్టము కాపాడిన బిడ్డకు కూడును గూడును చదువును కావలెనని ఆ ఆశ్రమము చాటెను.

తుదకు 1947 లో ఆ నిషేధము చట్టమయ్యెను. అంకితము చెల్లదనియు, అంకితమైన స్త్రీ వివాహమాడవచ్చుననియు ఆ చట్టము చెప్పెను. 1954 లో వారి పూనికచే మదరాసు అడయారులో క్యాన్సరు ఆసుపత్రి వెలసెను. 1956 లో పద్మభూషణ బిరుదము నొంది, 1968 జూలై 22 వ తేదీన వారు దివంగతులైరి. మన ఆంధ్రప్రదేశము 1988 లో దేవదాసీ అంకిత నిషేధమునకు మరల ప్రత్యేక చట్టము చేసెను.

ఐనను ఈ కథ ముగిసిపోలేదు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో కొన్ని పల్లెల యందు, జబ్బుపడిన ఆడపిల్ల కోలుకొన్నచో మాతమ్మకు విడుతుమని బీద దళిత కుటుంబములు మ్రొక్కుకొను నాచారము కలదు. ఆ బిడ్డ పెరిగి జాతరలలో ఆడవలసినదే. పెండ్లి లేదు, పలువురి కామమునకు లోబడక తప్పదు. 2017 లో జాతీయ మానవహక్కుల సంఘము ఈ విషయమై ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములను నివేదిక లడిగెను. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డపై లైంగిక దౌర్జన్యమును కఠినముగా శిక్షించు పోక్సో చట్టము 2012 లోనే వచ్చియున్నది.

ముత్తులక్ష్మిగారు వైద్యురాలగుట ఇచ్చట గమనింపదగినది. జబ్బునకు మందు కావలెను. బిడ్డ బ్రతుకు దానికి వెల కాదు. ఆసుపత్రి దూరమై, కూలి చాలక, దిక్కుతోచక మ్రొక్కుకొన్న తల్లిని నిందించి ప్రయోజనము లేదు. ఆ బిడ్డను ముందుగా ఆసుపత్రికిని, పిదప బడికిని చేర్చుటయే ఊరి ధర్మము. అట్టి యంకితము జరుగనున్నదని తెలిసిన వెంటనే 1098 అను బాలల సహాయ నంబరునకు తెలుపవలెను.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభవేళ, పాఠకులెల్లరు ఈ మాటను అక్షరములు రాని ఇండ్లకును చేర్చెదరు గాక.