పని నేర్పిన చదువు.. దుర్గాబాయమ్మ బాట

మా బోధన్ వైపు ఒకప్పుడు పిల్లాడి చదువు అయిందంటే అందరి చూపూ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మీదే. 1937 నాటి ఆ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు డిగ్రీలు చేతపట్టుకుని సర్కారు నౌకరీ ప్రకటన కోసం ఎదురుచూసే పిల్లలు నిజామాబాద్‌లో ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. వాళ్లను చూసినప్పుడల్లా నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొస్తారు.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారామె. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకుని బయటికొచ్చారు. బడిలో ఇంగ్లీషులో పాఠాలేమిటని చిన్నతనంలోనే చదువు మానేశారు. మానేసి ఇంట్లో కూర్చున్నారా? లేదు, ఆడపిల్లల కోసం తానే హిందీ పాఠశాల పెట్టారు! 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన వాకిట్లో వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని సాక్షాత్తు నెహ్రూగారినే ఆపేశారు. అప్పటికామె వయసు పద్నాలుగు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. ఏ నేరానికి శిక్ష పడిందో కూడా తెలియని ఆడవాళ్లు అక్కడ కనిపించారు. చదువు లేకపోతే ఆడదాని గతి ఏమిటో ఆమెకు అక్కడే బోధపడింది. విడుదలయ్యాక మళ్లీ పుస్తకం పట్టుకుని బెనారస్ మెట్రిక్, ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీ, 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు.

తాను ఒడ్డెక్కి ఊరుకోలేదు. మద్రాసులో 1937లో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభలో, బడి మధ్యలో మానేసిన ఆడవాళ్లను మెట్రిక్‌కు తయారుచేశారు. చేతిపనులు నేర్పించారు. నర్సులుగా, టీచర్లుగా శిక్షణ ఇప్పించారు. రాజ్యాంగ సభలో, ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది ఆనాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు.

ఆ బోర్డు 1958లో రెండు పనులు తలపెట్టింది. ఒకటి, పెద్దయిన ఆడవాళ్లకు కొద్దికాలంలో పరీక్ష గట్టెక్కించే సంక్షిప్త కోర్సులు. రెండు, సేవాసంస్థలకు డబ్బిచ్చి పేద మహిళలకు పని చూపించే చిన్న ఉత్పత్తి కేంద్రాలు. నాకు నచ్చేది ఈ జోడింపే. ఉత్త సర్టిఫికెట్ కూడు పెట్టదు. చదువు లేని చేతిపని కూలికే పరిమితమవుతుంది. రెండూ కలిస్తేనే మనిషి నిలదొక్కుకునేది.

ఆమెకు 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు.

మన జిల్లానే చూడండి. బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్ల వేళ్లలో ఎంత నేర్పుందో! కానీ ధర కట్టేది వేరొకరు, లెక్క రాసేది ఇంకొకరు. పసుపు మన పొలాల్లో పండుతుంది. జాతీయ పసుపు బోర్డు కార్యాలయం కూడా 2025లో నిజామాబాద్‌కే వచ్చింది. మరి ఆ పసుపును పొడి చేసి, ప్యాకెట్ కట్టి, సొంత పేరుతో అమ్మడం మన పిల్లలకు ఏ క్లాసులో చెబుతున్నాం? సరుకు ఎంతకు కొనాలి, ఎంతకు అమ్మాలి, అప్పు ఎలా తీర్చాలి - ఇవి కూడా పాఠాలే కదా!

పిల్లలొక్కరే మారితే చాలదు. దుకాణం పెడతానన్న కూతురిని, వ్యాపారం చేసే అల్లుడిని తక్కువగా చూసే మన చూపూ మారాలి. జిల్లాల్లో బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో గ్రామీణ యువతకు పని, లెక్కలు, బ్యాంకు రుణం సంగతులు ఉచితంగా నేర్పుతారు. ప్రకటన కోసం ఎదురుచూసే పిల్లలుంటే ఈ లోగా బ్యాంకులో ఒకసారి అడిగి రమ్మనండి. నౌకరీ వస్తే మంచిదే. రాకపోయినా చేతిలో పనుంటుంది.