గేర్‌బాక్సు, వరిగడ్డి, జి.డి. నాయుడు

మా నూజివీడులో మామిడి కోతలప్పుడే కాయ తోలే బండికి గేర్‌బాక్సు పోయింది. రిపేరుకి విజయవాడ ఆటోనగర్ పంపాలి. ఆయిల్ దించి, రసాలు పేర్చినట్టే వరిగడ్డిలో సర్దేశాను. గడ్డి అణిగితే బరువంతా షాఫ్టు మీద పడుతుందని నాన్న మళ్ళీ విప్పించారు.

అప్పుడు జి.డి. నాయుడు గారు గుర్తొచ్చారు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు అబ్బలేదు. ఓ తెల్లదొర మోటార్‌సైకిల్ చూసి మనసు పడ్డారు. హోటల్లో పనిచేసి, డబ్బు కూడబెట్టి ఒకటి కొన్నారు. దాన్ని ముక్కముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించి పని నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య ఒక్క బస్సుతో మొదలై పెద్ద బస్సు కంపెనీ నిలబెట్టారు. మన దేశపు తొలి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పుకునేది 1937లో ఆయన పూనికతోనే తయారైంది. కుర్రాళ్ళకి చేతిపని నేర్పాలని పాలిటెక్నిక్ కూడా పెట్టారు. 1974లో కన్నుమూశారు.

డిగ్రీ లేని ఆయన విప్పి నేర్చుకున్నారు. నేనేమో ఒక్క గేర్‌బాక్సూ విప్పకుండానే ఫైనలియర్‌కి వచ్చేశా. సిగ్గేసింది.

ఈసారి రంధ్రాలన్నీ మూసి, షాఫ్టుకి ఏదీ ఆనకుండా చెక్క దిమ్మెకి బోల్టులతో బిగించాను. పైవైపు ఏదో తెలిసేలా బాణం గీశాను. రేపు లారీ ఆఫీసులో వేస్తా. తిరిగొచ్చాక బండికి ఎక్కించేది మాత్రం నేనే!